వ్యాపారం, ఆస్తి, పన్ను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్‌లోని చిన్న వ్యాపారుల నుంచి, ఇల్లో షెడ్డో అద్దెకిచ్చినవారి నుంచి, తీసుకున్నవారి నుంచి వచ్చాయి. చాలా ఉత్తరాల్లో చిక్కుకు మూలం ఒక్కటే: చేతుల మీదుగా జరుగుతున్నది ఒకటి, కాగితం మీద ఉన్నది మరొకటి. అధికారి అయినా కోర్టు అయినా ముందు చూసేది కాగితాన్నే. అందువల్ల చట్టం ఏమంటుందో చెప్పడంతో పాటు, ముందుగా సరిచేసుకోవలసిన కాగితం ఏదో కూడా ప్రతి జవాబులో చెప్పాను. రాసినవారి పేర్లు, సంస్థల వివరాలు ఇవ్వడం లేదు.

ప్రశ్న: బాలానగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని లేత్ మెషీన్లతో విడిభాగాలు తయారుచేస్తున్నాను. అద్దె నెలకు 35,000 రూపాయలు. నాకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంది, ఓనరు గారికి లేదు. ఆయన 20,000 బ్యాంకులో వేసి, మిగతా 15,000 చేతికి ఇమ్మంటారు. మేము రాసుకున్న ఒప్పందం 11 నెలలది. అది ముగిసి రెండేళ్ళయినా కొత్తది రాసుకోలేదు. అద్దె మీద 18 శాతం జీఎస్‌టీ నేనే కట్టాలని ఇప్పుడు మా ఆడిటరు గారు అంటున్నారు. ఓనరు గారు మాత్రం దానితో తనకు సంబంధం లేదంటున్నారు. ఎవరి మాట సరైనది? – ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: ఇద్దరి మాటా సరైనదే. రిజిస్ట్రేషన్ లేని యజమాని తన వాణిజ్య స్థలాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి అద్దెకిస్తే, ఆ అద్దెపై జీఎస్‌టీని యజమానికి బదులు అద్దెదారే రివర్స్ ఛార్జ్ పద్ధతిలో ప్రభుత్వానికి నేరుగా చెల్లించాలన్న నిబంధన 2024 అక్టోబరు 10 నుంచి అమల్లో ఉంది. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకంపై స్వల్ప శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారిని 2025 జనవరి 16 నుంచి దీని నుంచి మినహాయించారు. మీరు సాధారణ పద్ధతిలో ఉన్నట్టు ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది కాబట్టి ఆ మినహాయింపు మీకు వర్తించదు. 35,000 మీద 18 శాతం అంటే నెలకు 6,300 రూపాయలు. దీన్ని కొనుగోళ్ళపై ముందే కట్టిన పన్నుకుగాను మీ ఖాతాలో ఉన్న ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దుబాటు చేయడానికి వీల్లేదు, జీఎస్‌టీ పోర్టల్‌లో డబ్బు జమచేసే నగదు లెడ్జరు నుంచే కట్టాలి. అయితే కట్టిన మొత్తాన్ని అదే నెల జీఎస్‌టీఆర్-3బీ రిటర్నులో క్రెడిట్‌గా తీసుకుని, అమ్మకాలపై మీరు కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు. పన్ను కట్టవలసిన అమ్మకాలు ప్రతి నెలా ఉన్న మీలాంటి తయారీదారుకు దీనివల్ల అసలు భారం దాదాపు ఉండదు.

భారమంతా కట్టకపోవడంలో ఉంది. ఓనరు గారు ఇన్వాయిస్ ఇవ్వరు కాబట్టి మీకు మీరే ఒక ఇన్వాయిస్ రాసుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి దానికి 30 రోజుల గడువు కూడా పెట్టారు. అందులో ఆయన పేరు, చిరునామా, ఏ నెల అద్దె, ఎంత మొత్తం, ఎంత పన్ను అన్నవి ఉండి, పన్ను రివర్స్ ఛార్జ్ కింద చెల్లిస్తున్నట్టు స్పష్టంగా రాసి ఉంటే చాలు. ఇప్పటివరకు కట్టని నెలలకు కూడా ఇన్వాయిస్‌లు రాసి, వచ్చే రిటర్నులోనే పన్ను కట్టండి. దానిపై సంవత్సరానికి 18 శాతం చొప్పున వడ్డీ తప్పదు, ఆలస్యానికి జరిమానా అడిగే అవకాశమూ ఉంది. అయినా క్రెడిట్ మాత్రం పోదు. రిజిస్ట్రేషన్ లేనివారి నుంచి పొందిన సేవకు మీరు ఇన్వాయిస్ రాసిన ఆర్థిక సంవత్సరాన్నే క్రెడిట్ గడువు లెక్కకు తీసుకోవాలని 2024 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ద్వారా స్పష్టం చేసింది. శాఖ నుంచి నోటీసు వచ్చాక కట్టడం కంటే, మీ అంతట మీరే ముందు కట్టడం అన్ని విధాలా మేలు.

చేతికిస్తున్న 15,000 సంగతి నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఒక వ్యక్తికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన వ్యాపార ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా అంగీకరించరు. అంటే సంవత్సరానికి 1,80,000 రూపాయలు నిజంగా ఖర్చయినా, ఆ మొత్తం మీ లాభంగానే మిగిలి దానిపై మీరే పన్ను కడతారు. ఆదాయం తగ్గించి చూపుకోవడంవల్ల వచ్చే లాభం ఓనరు గారిది, నష్టం మాత్రం మీది. పైగా బ్యాంకులో వేసిన 20,000 మీదే జీఎస్‌టీ కడితే పన్ను ఎగవేత కింద మీ మెడకే చుట్టుకుంటుంది. ఆయనను నొప్పించకుండానే, "మా ఆడిటరు గారు ఒప్పుకోవడం లేదండీ" అని చెప్పి, వచ్చే నెల నుంచి మొత్తం అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వండి. మీ అద్దె నెలకు 50,000 దాటలేదు కాబట్టి ప్రస్తుతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) మినహాయించవలసిన అవసరం లేదు.

ఇక ఒప్పందం. ఒక సంవత్సరానికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే మన ఊళ్ళో 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. గది అద్దెకు తీసుకున్న కుటుంబానికి అది సరిపోవచ్చు గాని, నేలకు బోల్టులు బిగించి మెషీన్లు నిలబెట్టి, మూడు ఫేజుల కరెంటు తెచ్చుకున్న మీలాంటి వారికి చాలదు. గడువు ముగిసిన ఒప్పందంతో మీరిప్పుడు నెలవారీ అద్దెదారుగా ఉన్నారు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెదారును ఖాళీ చేయించడానికి 15 రోజుల నోటీసు చాలు. తయారీ అవసరాల లీజుకు ఆరు నెలల నోటీసు ఇవ్వాలని అదే చట్టం అంటున్నా, రిజిస్టరైన పత్రం లేనివారికి ఆ రక్షణ అందడం కష్టం. అద్దె నియంత్రణ చట్టం ఆదుకుంటుందనీ అనుకోకండి. నగరపాలక సంస్థల పరిధిలో అద్దె నెలకు 3,500 రూపాయలు దాటిన భవనాలు 2005 సవరణతో ఆ చట్టం పరిధి నుంచి బయటికి వెళ్ళాయి. కనీసం మూడేళ్ళకు రిజిస్టరు లీజు రాయించుకోండి. అద్దె ఏటా ఎంత శాతం పెరగాలో, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో, జీఎస్‌టీ ఎవరు కట్టాలో అందులో ఉండాలి. తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు మీద జీఎస్‌టీ ఉండదు గాని, దాన్ని అద్దెలో సర్దుబాటు చేసుకున్న రోజున పన్ను వర్తిస్తుంది.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే చీరలు అమ్ముతాను. మదీనా దగ్గర హోల్‌సేల్ దుకాణాల్లోనూ, పోచంపల్లి, నారాయణపేట నేతగాళ్ళ దగ్గరా కొంటాను. వాట్సాప్‌లో ఫొటోలు పెడతాను, డబ్బు మా వారి నంబరుకు యూపీఐలో వస్తుంది. కిందటి సంవత్సరం 18 లక్షల అమ్మకం జరిగింది. ఈసారి శ్రావణమాసం, పెళ్ళిళ్ళు కలిపి 30 లక్షలకు చేరవచ్చు. విజయవాడలో ఇదే వ్యాపారం చేస్తున్న మా వదిన గారు 40 లక్షల వరకు జీఎస్‌టీ అక్కరలేదంటున్నారు. బెంగళూరు, చెన్నైలకు కూడా అప్పుడప్పుడు కొరియర్ చేస్తుంటాను. నేనేం చేయాలి? – ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ వదిన గారు తన విషయంలో చెప్పింది నిజమే. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌కు వార్షిక అమ్మకాల పరిమితి 40 లక్షలు. కానీ 2019 ఏప్రిల్‌లో 20 లక్షల నుంచి ఆ పెంపు వచ్చినప్పుడు దాన్ని తీసుకోని రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇక్కడ వస్తువులకైనా సేవలకైనా పరిమితి 20 లక్షలే. దేశమంతటికీ ఒకటే లెక్క అన్నట్టు చెప్పే వీడియోలను నమ్మి ఎందరో హైదరాబాద్ వ్యాపారులు 20 లక్షలు దాటాక కూడా నిశ్చింతగా ఉండిపోతున్నారు. మీరు ముందుగానే అడిగినందుకు సంతోషం.

అయితే మీ ఉత్తరంలో చివర రాసిన మాట మిగతా అన్నిటి కంటే ముఖ్యమైనది. పన్ను వర్తించే వస్తువును మరో రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చట్టం చెబుతుంది. చేనేత వంటి హస్తకళా ఉత్పత్తులకు కొన్ని షరతులతో సడలింపు ఉన్నా, హోల్‌సేల్ దుకాణాల్లో కొన్న మిల్లు చీరలకు అది వర్తించదు, మొత్తం అమ్మకం పరిమితి దాటిన తర్వాత చేనేతకూ వర్తించదు. అందువల్ల 20 లక్షలు దాటే రోజు కోసం చూడకుండా ఇప్పుడే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయండి. బాధ్యత మొదలైన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేసినవారికి, ఆ ముందు రోజున ఇంట్లో ఉన్న సరుకు మీద చెల్లించిన పన్నుకు కూడా క్రెడిట్ దొరుకుతుంది. ఆలస్యం చేసినవారు దాన్ని పోగొట్టుకుంటారు. ఇల్లు మీ అత్తగారి పేరున ఉంటే ఆవిడ సమ్మతి పత్రం, ఆస్తి పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు జతచేయాలి.

తర్వాత ఏ పద్ధతి ఎంచుకోవాలన్న ప్రశ్న వస్తుంది. కాంపోజిషన్ పథకంలో వ్యాపారి తన అమ్మకంపై 1 శాతం కడితే చాలు. 30 లక్షల మీద అది 30,000 రూపాయలు. కానీ ఆ మొత్తం మీ జేబులోంచే కట్టాలి, కొనుగోలుదారు దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకుపై క్రెడిట్ రాదు, పక్క రాష్ట్రాలకు అమ్మడం కూడా మానుకోవాలి. సాధారణ పద్ధతిలో చీరలపై 5 శాతం పన్ను. ఉదాహరణకు 22 లక్షలకు కొని 30 లక్షలకు అమ్మారనుకుంటే, కొనుగోలుదారుల నుంచి వచ్చే పన్ను 1,50,000, మీరు కొన్నప్పుడు కట్టిన పన్ను 1,10,000, ప్రభుత్వానికి మీరు జమ చేయవలసింది 40,000. ఈ లెక్క నిలబడాలంటే హోల్‌సేల్ దుకాణదారు సరైన జీఎస్‌టీ బిల్లు ఇవ్వాలి, ఆ బిల్లు ఆయన రిటర్నులో కనబడాలి. చిట్టీ మీద అంకెలు వేసి ఇచ్చే దుకాణంలో చీరకు యాభయ్యో వందో తక్కువకు దొరికినా, ఆ క్రెడిట్ పోతే మీకు మిగిలేది నష్టమే. రిజిస్ట్రేషన్ లేని నేతగాళ్ళ దగ్గర కొన్నదానికి సహజంగానే క్రెడిట్ ఉండదు, దాన్ని ధరలోనే చూసుకోవాలి. బెంగళూరు, చెన్నై కొనుగోలుదారులను వదులుకోవడం మీకు ఇష్టం లేదనుకుంటే సాధారణ పద్ధతే సరైనది. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు మూడు నెలలకొకసారి రిటర్ను వేసే సౌకర్యం కూడా ఉంది.

మీ వారి నంబరుకు డబ్బు రావడం మాత్రం వెంటనే మానేయాలి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా ఎందరో చిన్న దుకాణదారులకు నోటీసులిచ్చినప్పుడు, ఖాతాలో పడిన చేబదుళ్ళు, బంధువులు పంపిన డబ్బు, అమ్మకాల డబ్బు వేరుచేసి చూపడానికి వాళ్ళు పడిన అవస్థ అందరూ చూశారు. మీ పేరున కరెంటు ఖాతా తెరిచి, దానికే క్యూఆర్ కోడ్ తీసుకోండి. ఇప్పటివరకు మీ వారి ఖాతాలోకి వచ్చిన జమల్లో ఏది చీరల డబ్బో, ఏది ఇంటి డబ్బో గుర్తున్నప్పుడే స్టేట్‌మెంటు ముద్రించి పక్కన రాసిపెట్టుకోండి.

ప్రశ్న: రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఒక కాంట్రాక్టరు ఇచ్చిన చెక్కు బౌన్సయి 40 రోజులైంది. రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతున్నాడు. కేసు వేయవచ్చా? – ఒక వ్యాపారి

జవాబు: బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో అందిన 30 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు పంపాలి. మీరు ఆ గడువు దాటారు. అయినా చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలు కాకపోతే మళ్ళీ బ్యాంకులో వేయండి. తిరిగి బౌన్సయితే కొత్త మెమోతో పాటు కొత్తగా 30 రోజుల గడువు వస్తుంది. ఈసారి అందినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది అందిన 15 రోజుల్లో అతను డబ్బు ఇవ్వకపోతే, ఆ తర్వాతి నెల రోజుల్లోగా కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. మూడు నెలలూ దాటిపోయి ఉంటే చెక్కు కేసు దారి మూసుకుపోయినట్టే. అప్పుడు సరుకు ఇచ్చిన బిల్లుల ఆధారంగా మూడేళ్ళ లోపు సివిల్ దావా వేయవచ్చు. రేపు ఇస్తానన్న నోటిమాట ఈ గడువుల్లో దేన్నీ ఆపదు.

ప్రశ్న: చర్లపల్లిలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ మాది, ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉంది. మా సరుకులో సగం కొనే ఒక మందుల కంపెనీ ఐదు నెలలుగా 6 లక్షల పైచిలుకు బకాయి పెట్టింది. వారి పర్చేజ్ ఆర్డరులో 90 రోజుల గడువని ఉంది. గట్టిగా అడిగితే ఆర్డర్లు ఆగిపోతాయని భయం, అడగకపోతే జీతాలకు డబ్బులేదు. – ఒక పాఠకుడు

జవాబు: ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టున్న మీ పరిస్థితి నగరం చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో ఎందరిదో. ఆర్డరులో ఏమి రాసుకున్నా, సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఇవ్వగల గడువు 45 రోజులకు మించకూడదని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) అభివృద్ధి చట్టం నిర్దేశిస్తోంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. కాబట్టి ఆ 90 రోజుల షరతు చెల్లదు. గడువు దాటిన రోజు నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. ఆ వడ్డీని కొనుగోలుదారు తన ఖర్చుగా చూపుకోవడానికి కూడా వీల్లేదు.

అయినా వెంటనే ఫిర్యాదుకు వెళ్ళమని నేను చెప్పను. కంపెనీలో మీ బిల్లును ఆపి ఉంచినది చాలాసార్లు కొనుగోళ్ళ విభాగం గాని, యాజమాన్యం కాదు. వారి అకౌంట్స్ విభాగాధిపతికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. మీ ఉద్యమ్ నంబరు, బిల్లుల తేదీలు, సరుకు అందినట్టు వారి గేటు ముద్ర ఉన్న చలాన్ల ప్రతులు జతచేయండి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ కొనుగోలుపై తాము తీసుకున్న జీఎస్‌టీ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలని వారికి గుర్తుచేయండి. మీకు ఐదు నెలలు దాటింది కాబట్టి ఆ గడువు దగ్గరపడింది. చట్టం ఇచ్చిన గడువులోగా చెల్లించని మొత్తాన్ని, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోగలరన్న నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 45 రోజులు దాటిన బకాయిల వివరాలను కంపెనీలు ఆరు నెలలకొకసారి కంపెనీ వ్యవహారాల శాఖకు తెలియజేయాలి కూడా. ఈ మూడు విషయాలు తెలిసిన అకౌంట్స్ అధికారి మీ ఉత్తరాన్ని పక్కన పడేయడు, పైగా ఇందులో బెదిరింపు కూడా లేదు.

రెండు మూడు వారాల్లో ఫలితం రాకపోతే ఎంఎస్‌ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. కౌన్సిల్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు ఇస్తుంది. ఆ తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందుగా 75 శాతం మొత్తం డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా ఆచరణలో ఎక్కువ కాలమే పడుతుంది. ఇకపై ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు ముద్రించండి. ఇతర పాఠకులు గమనించవలసినది ఒకటుంది: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, సరుకు ఇవ్వడానికి ముందే చేసుకోవాలి. తయారీ, సేవా సంస్థలకు ఉన్న ఈ రక్షణ కొని అమ్మే వ్యాపారులకు లేదు.

ప్రశ్న: చిక్కడపల్లిలో మా సొంత ఇంటి కింది భాగంలో రెండు గదులు టైలరింగ్ దుకాణానికి ఇచ్చాం. ఇంటి మొత్తానికీ నివాసపు పన్నే కడుతున్నాం. జీహెచ్‌ఎంసీ సిబ్బంది వచ్చి కొలతలు తీసుకుని, వాణిజ్య పన్ను బకాయిలతో కట్టాలంటున్నారు. ఇల్లంతా వాణిజ్యమవుతుందా? – ఒక గృహిణి

జవాబు: కాదు. దుకాణానికి వాడుతున్న విస్తీర్ణానికే వాణిజ్య లెక్క, మీరు నివసించే భాగానికి నివాసపు లెక్కే వర్తిస్తాయి. వాణిజ్య భాగానికి సంవత్సరపు పన్ను కట్టే సూత్రం ఇది: విస్తీర్ణం చదరపు అడుగుల్లో, ఆ ప్రాంతానికి నిర్ణయించిన నెలసరి అద్దె విలువ, ఈ రెంటినీ గుణించి మళ్ళీ 3.5తో గుణించాలి. గదులు రెండూ కలిపి 400 చదరపు అడుగులుండి, అద్దె విలువ చదరపు అడుగుకు 10 రూపాయలనుకుంటే సంవత్సరానికి 14,000 అవుతుంది. నివాసానికి గరిష్ఠ పన్ను రేటు 30 శాతమే, వాణిజ్యానికీ 30 శాతమే. తేడా అంతా ఆ నెలసరి అద్దె విలువలో ఉంటుంది. అందువల్ల నోటీసులో ముందుగా చూడవలసినవి రెండు: వారు రాసిన విస్తీర్ణం, మీ వీధికి వేసిన విలువ. టేపుతో మీరే కొలిచి చూడండి. మెట్లు, పార్కింగు దుకాణంలో కలిపి రాసి ఉంటే నోటీసులో ఇచ్చిన గడువులోగా లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి.

దుకాణం ఏ నెలలో మొదలైందో చూపే అద్దె ఒప్పందం మీ దగ్గరుంటే, అంతకు ముందు కాలానికి బకాయి లెక్కవేయకుండా అదే మీకు ఆధారం. బకాయిలపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది కాబట్టి, వివాదం లేని మొత్తాన్ని ఆపకుండా కట్టేయండి. ఆ గదులకు వేరే మీటరు తీసుకుని వాణిజ్య కేటగిరీలోకి మార్పించుకోవడం కూడా అవసరం. గృహ మీటరు మీద దుకాణం నడపడం విద్యుత్ సంస్థ దృష్టిలో మరో తప్పవుతుంది.

ప్రశ్న: నల్లకుంటలో మా అన్నయ్య, నేను 2012-13లో చెరిసగం పెట్టి 40 లక్షలకు కొన్న ఇంటిని గత జనవరిలో 1 కోటి 20 లక్షలకు అమ్మాం. అన్నయ్య చాలా ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. కొన్నాయన ఇద్దరి వాటాల మీదా 1 శాతం చొప్పున టీడీఎస్ కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు వాళ్ళ ఆడిటరు ఏదో తప్పు జరిగిందన్నాడని, అన్నయ్య వాటాలో కొంత డబ్బు వెనక్కివ్వమంటున్నాడు. ఇవ్వాలా? మాకు పన్ను ఎంత పడుతుంది? – ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: మీ అమ్మకం 2026 ఏప్రిల్ 1కి ముందు జరిగింది కాబట్టి, కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా మీకు 1961 నాటి పాత చట్టమే వర్తిస్తుంది. కొన్నాయన ఆందోళన న్యాయమైనదే. 50 లక్షలు, ఆపైన విలువ గల ఆస్తికి 1 శాతం టీడీఎస్ అన్నది అమ్మినవారు భారతదేశ నివాసి అయినప్పుడే. ప్రవాసికి ఇచ్చే సొమ్ము నుంచి దీర్ఘకాల లాభాలపై 12.5 శాతం, దానిపై సర్‌ఛార్జి, సెస్సు కలిపి మినహాయించవలసిన బాధ్యత కొనుగోలుదారు మీద ఉంటుంది. సాధారణంగా లాభం ఎంతో అధికారి ధ్రువీకరించిన సర్టిఫికెట్టు అమ్మేవారు ముందే తెచ్చుకుంటే దాని ప్రకారం తగ్గిస్తారు. లేకపోతే జాగ్రత్తపడే కొనుగోలుదారు మొత్తం ధర మీదే తగ్గిస్తాడు. మీ విషయంలో రెండూ జరగలేదు.

డబ్బు వెనక్కివ్వడం కంటే మంచి దారి ఉంది. మీ అన్నయ్య ఈ ఆదాయాన్ని చూపుతూ ఇక్కడ రిటర్ను దాఖలు చేసి, పన్ను పూర్తిగా కట్టి, ఆ మేరకు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణ ఇప్పిస్తే, కొనుగోలుదారును టీడీఎస్ ఎగ్గొట్టిన వ్యక్తిగా పరిగణించరు. 2019 సెప్టెంబరు నుంచి ఈ వెసులుబాటు ప్రవాసులకు చేసిన చెల్లింపులకూ వర్తిస్తోంది. అయితే మినహాయించవలసిన తేదీ నుంచి అన్నయ్య రిటర్ను వేసిన తేదీ వరకు నెలకు 1 శాతం వడ్డీని కొనుగోలుదారు కట్టాల్సి ఉంటుంది. కాబట్టి రిటర్ను ఎంత త్వరగా వేస్తే ఆయనకు అంత మేలు. ప్రవాసి అన్న సంగతి మీరు సేల్ డీడ్‌లో దాచి ఉంటే ఆ వడ్డీ మీరు భరించడం ధర్మం. పాస్‌పోర్టు, అమెరికా చిరునామా డీడ్‌లో ఉండి కూడా ఆయన గమనించకపోతే అది ఆయన బాధ్యత. ఏ విధంగా ఒప్పుకున్నా ఇరుపక్షాలూ సంతకాలు పెట్టిన కాగితం మీద రాసుకోండి.

ఇక పన్ను. 2024 జులై 23 నుంచి స్థిరాస్తుల దీర్ఘకాల లాభంపై ద్రవ్యోల్బణ సూచీ (ధరల పెరుగుదల మేరకు కొనుగోలు ధరను పెంచి చూపే లెక్క) లేకుండా 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందు కొన్న భూమి, భవనాలకు మాత్రం సూచీతో 20 శాతం లెక్కించి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఈ ఎంపిక భారతదేశ నివాసులైన వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకే ఉంది. మీ వాటా కొనుగోలు ధర 20 లక్షలు, అమ్మకం ధర 60 లక్షలు. సూచీ లేకుండా లాభం 40 లక్షలు, పన్ను 5 లక్షలు. కొన్న 2012-13 సంవత్సరపు సూచీ 200, అమ్మిన 2025-26 సూచీ 376. ఆ లెక్కన మీ కొనుగోలు ధర 37,60,000 అవుతుంది, లాభం 22,40,000, దానిపై 20 శాతం 4,48,000. అంటే రెండో పద్ధతిలో మీకు 52,000 రూపాయలు తక్కువ, రెండింటికీ సెస్సు అదనం. మీ అన్నయ్యకు మాత్రం 5 లక్షల లెక్కే. ఒకే ఇల్లు, ఒకే ధర అయినా ఇద్దరి పన్ను వేరు. మీ లెక్క చూసి ఆయన రిటర్ను కూడా అలాగే వేస్తే నోటీసు వస్తుంది. కొన్నాక గదులు వేయించడం వంటి శాశ్వత మార్పులకు ఖర్చుపెట్టి ఉంటే, బిల్లులున్న మేరకు అదీ ధరలో కలపవచ్చు.

లాభాన్ని మరో ఇంట్లో పెడితే ఇద్దరికీ మినహాయింపు ఉంది: అమ్మకానికి ముందు ఒక సంవత్సరం లేదా తర్వాత రెండేళ్ళలో కొనాలి, లేదా మూడేళ్ళలో కట్టించాలి. ఇల్లు ఇంకా కుదరకపోతే, రిటర్ను గడువైన జులై 31లోగా ఆ మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ పథకం ఖాతాలో జమ చేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచితే మినహాయింపు రాదు. ఇల్లు వద్దనుకుంటే, నిర్దేశించిన ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో 50 లక్షల వరకు పెట్టవచ్చు. వాటిని ఐదేళ్ళు కదపకూడదు, అమ్మకం తేదీ నుంచి ఆరు నెలల్లోగా కొనాలి. మీది జనవరి అమ్మకం కాబట్టి ఆ ఆరు నెలలు జులైలోనే, రిజిస్ట్రేషన్ జరిగిన తేదీని బట్టి రిటర్ను గడువు కంటే ముందే ముగుస్తాయి. అన్నయ్యకు ప్రవాస ఖాతా నుంచి సొమ్ము బదిలీ చేయడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఆయనతో ఈ వారమే మాట్లాడి, బాండ్లా, ఇల్లా, పన్ను కట్టడమా అన్నది తేల్చుకోండి.